నూనె తేరే తీరు: ఒక ద్రవంలో మరో ద్రవపు చుక్కల నడక

గిన్నెడు నూనెలో నీటిచుక్క వేస్తే అడుగుకు దిగుతుంది. గిన్నెడు నీళ్లలో నూనెచుక్క వదిలితే పైకి తేలుతుంది. రెండు సందర్భాల్లోనూ ద్రవాలు అవే, వాటి సాంద్రతల తేడా అదే. చుక్కల కొలత కూడా ఒకటే అనుకున్నా రెండు ప్రయాణాలకూ పట్టే కాలం మాత్రం ఒకటి కాదు. మిల్లీమీటరులో పదో వంతు వ్యాసమున్న నూనెచుక్క 30 డిగ్రీల నీటిలో మీటరు ఎత్తు ఎక్కడానికి అరగంట చాలు. అంతే కొలత గల నీటిచుక్క అదే వేడిలో ఉన్న నూనెలో మీటరు లోతు దిగడానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలవు. దేనిలో ఏది చుక్కగా ఉంది అన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. ఆ చుక్క ఒంటిమీద ఏ పొర పట్టి ఉంది అన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి జవాబు 1851లోనే దొరికింది. రెండోది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నూనె మిల్లులో ‘తేరుకోవడం’ అనే పని ఈ రెండింటి మీదే నడుస్తుంది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు నల్లరేగడికి, పత్తికి పేరుపడ్డవి. పత్తితో పాటు ఆ వైపు బుడ్డలనే వేరుశనగ, ఆముదం కూడా మార్కెట్ యార్డుకు వస్తాయి. గుంతకల్లు–రాయచూరు రైలుదారి మీదున్న ఆదోనికి పత్తి బేరం వల్లనే ‘రెండో బొంబాయి’ అన్న పేరొచ్చింది. జిన్నింగు మిల్లులో దూది ఒకవైపు, గింజ ఒకవైపు విడిపోతాయి. గింజ బరువులో ఇంచుమించు ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా నూనె ఉంటుంది. ఎక్స్‌పెల్లర్ నుంచి దిగే ముడి పత్తిగింజల నూనె వేరుశనగ నూనెలా పసుపుగా ఉండదు, ముదురు ఎరుపులో నల్లబారి ఉంటుంది. ఆ రంగు గాసిపాల్ అనే పదార్థానిది. అది విషం కూడా కాబట్టి పత్తిగింజల నూనెను శుద్ధి చేయకుండా వంటకు వాడరు.

శుద్ధిలో మొదటి మెట్టు కాస్టిక్ సోడా ద్రావణం. నూనెలో విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు కాస్టిక్‌తో కలిసి సబ్బవుతాయి. ఆ సబ్బు గాసిపాల్‌నూ జిగురునూ వెంటబెట్టుకుని మడ్డిగా అడుగుకు దిగుతుంది. దీన్నే సోప్‌స్టాక్ అంటారు. పైన మిగిలిన నూనెలో ఇంకా సబ్బు ఉంటుంది కనుక వేడినీళ్లతో ఒకటికి రెండుసార్లు కడుగుతారు. కడుగునీరు దిగాక, వదలని కాస్త తేమను వాక్యూమ్‌లో ఆరబెడతారు. మొదట కాస్టిక్ చుక్కలు నూనెలో, తరువాత కడుగునీటి చుక్కలు నూనెలో, చివరికి మురుగుతొట్టిలో నూనెచుక్కలు నీటిలో. రసాయన మార్పు ఒక్కచోటే జరుగుతుంది, తక్కిన పనంతా ఒక ద్రవాన్ని ఇంకో ద్రవంలోంచి విడదీయడమే. ఇన్ని పనుల తరువాత కూడా నూనె అదే నూనేనా? కర్నూలులోని తుంగభద్ర ఇండస్ట్రీస్ అమ్మకపు పన్ను కేసులో 1960లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రశ్న ఒక విధంగా ఇదే. శుద్ధి చేసినా, హైడ్రోజన్ ఎక్కించి వనస్పతిగా గట్టిపరిచినా, వేరుశనగ నూనె వేరుశనగ నూనేనని న్యాయస్థానం తేల్చింది.

చుక్క నడకకు మొదటి లెక్క వేసిన జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ మనసులో చుక్కలు లేవు. ఆయన చూసింది గడియారపు లోలకాన్ని గాలి ఎంత ఆపుతుందని. ఆ వ్యాసంలోనే చిన్న గోళం ఒక ద్రవంలో నెమ్మదిగా కదిలేటప్పుడు దానికి ఎదురయ్యే నిరోధం దొరికింది. ఆ నిరోధం ద్రవపు స్నిగ్ధతకు, గోళపు వ్యాసార్ధానికి, వేగానికి అనులోమంగా ఉంటుంది. బరువు, ఉత్ప్లవన బలం, నిరోధం మూడూ సరితూగినప్పుడు గోళం స్థిరమైన చరమ వేగాన్ని అందుకుంటుంది. ఆ వేగం వ్యాసార్ధపు వర్గానికీ సాంద్రతల తేడాకూ అనులోమంగా, చుట్టూ ఉన్న ద్రవపు స్నిగ్ధతకు విలోమంగా మారుతుంది. చుట్టూ ఉన్న ద్రవానిది అన్న మాట ముఖ్యం. నీటి స్నిగ్ధత కంటే 30 డిగ్రీల దగ్గర వంటనూనె స్నిగ్ధత సుమారు 60 రెట్లు. మొదటి పేరాలోని రెండు చుక్కల మధ్య తేడా అంతా ఇదే.

వ్యాసార్ధపు వర్గం అన్నది మిల్లుకు అంతకంటే కఠినమైన మాట. చుక్క కొలత పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది. 90 డిగ్రీల నూనెలో మిల్లీమీటరులో పదో వంతున్న నీటిచుక్క మీటరు దిగడానికి స్టోక్స్ లెక్కన అయిదున్నర గంటలు పడుతుంది. పది మైక్రాన్ల చుక్కకైతే అదే దూరానికి మూడు వారాలు దాటుతుంది. మిల్లులో నూనెను అంత వేడిలో కడగడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. 30 నుంచి 90 డిగ్రీలకు వేడిచేస్తే నూనె, నీళ్ల సాంద్రతల తేడా పెద్దగా మారదు. ఘనమీటరుకు 85 కిలోల దగ్గర మొదలై 90 దాకా వస్తుందేమో, అంతే. నూనె స్నిగ్ధత మాత్రం అయిదో వంతుకు పడిపోతుంది. అంటే బాయిలర్‌లో మండే ఊక ఖర్చంతా బరువును పెంచడానికి కాదు, దారిని పలచన చేయడానికి.

స్టోక్స్ గోళం గట్టిది, చుక్క గట్టిది కాదు. బయటి ద్రవం పక్కగా జారుతుంటే చుక్క ఉపరితలం కూడా దానితో కదులుతుంది. ఆ కదలిక లోపలి ద్రవాన్ని తిప్పుతుంది. దిగే చుక్కలో అంచుల వెంట పైకి, నడిమధ్యన కిందికి ఒక సుడి తిరుగుతూ ఉంటుంది. ఉపరితలం కూడా జారుతోంది కనుక బయటి ద్రవానికి రాపిడి తగ్గుతుంది, చుక్క స్టోక్స్ చెప్పినదానికంటే వేగంగా పోవాలి. ఎంత వేగంగా అన్నది 1911లో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇద్దరు లెక్కగట్టారు. ఒకరు ఫ్రెంచి గణితవేత్త జాక్ హదమార్, మరొకరు పోలండుకు చెందిన విటోల్డ్ రిబ్చిన్‌స్కీ. వారి సూత్రం ప్రకారం లోపలి ద్రవపు స్నిగ్ధత దాదాపు సున్నా అయితే వేగం స్టోక్స్ వేగానికి ఒకటిన్నర రెట్లు అవుతుంది. లోపలి ద్రవం బాగా చిక్కనైతే స్టోక్స్ వేగమే మిగులుతుంది.

ఇక్కడ మళ్లీ దేనిలో ఏది అన్న తేడా పైకి వస్తుంది. నీటిలో తేలే నూనెచుక్కకు లోపలి స్నిగ్ధత బయటికంటే 60 రెట్లు ఎక్కువ. అందుకని అది గట్టి గోళంలాగే నడుస్తుంది, హదమార్ సవరణ ఒక శాతం కూడా రాదు. నూనెలో దిగే నీటిచుక్కకు లెక్క తలకిందులు. సవరణ పూర్తిగా, దాదాపు ఒకటిన్నర రెట్లుగా వర్తించాలి. కడుగుతొట్టిలో అయిదున్నర గంటలు పట్టే పని నాలుగు గంటల్లోపే అయిపోవాలి. సిద్ధాంతం ఇంత స్పష్టంగా లాభం చూపించే సందర్భాలు తక్కువ. ఆ లాభం చేతికి రాకపోవడమే ఈ విషయంలో అసలు కథ.

హదమార్, రిబ్చిన్‌స్కీల సూత్రం వెలువడ్డాక ప్రయోగాలు చేసినవారికి చిన్న చుక్కలు మొండికేశాయి. పెద్ద చుక్కలు సూత్రానికి దగ్గరగా నడిచాయి, చిన్నవి మాత్రం స్టోక్స్ గోళాల్లాగే ప్రవర్తించాయి. బాండ్, న్యూటన్ అనే ఇద్దరు 1928లో ఈ మార్పు జరిగే కొలతను వెతికారు. చుక్క బరువుకూ తలతన్యతకూ మధ్య ఉండే నిష్పత్తి ఒక మేర దాటితేనే లోపల సుడి మొదలవుతుందని వారికి తోచింది. ఆ నిష్పత్తికి బాండ్ సంఖ్య అన్న పేరు నిలిచింది. కానీ తలతన్యత ఎంత ఉన్నా అది అన్నివైపులా ఒకేలా ఉన్నంతకాలం ఉపరితలం జారడాన్ని ఆపలేదు. అంతకుముందే 1913లో బూసినెస్క్ ఉపరితలానికే ఒక స్నిగ్ధత ఉంటుందని ప్రతిపాదించారు. అది కొన్ని సందర్భాలకు సరిపోయింది, అన్నింటికీ కాదు.

సరైన జవాబు 1947లో సోవియట్ శాస్త్రవేత్తలు ఫ్రుమ్‌కిన్, లెవిచ్‌ల నుంచి వచ్చింది. ఏ ద్రవమూ పూర్తిగా శుభ్రమైనది కాదు. సబ్బు, జిగురు, కొవ్వు ఆమ్లం లాంటి పదార్థాలు లేశమాత్రంగా ఉన్నా రెండు ద్రవాల సరిహద్దుకు చేరి అక్కడ పొరగా పరుచుకుంటాయి, తలతన్యతను తగ్గిస్తాయి. చుక్క దిగుతున్నప్పుడు బయటి ప్రవాహం ఆ పొరను చుక్క వీపు వైపుకు, అంటే పైకి, ఊడ్చుకుపోతుంది. వీపున పదార్థం పోగుపడి తలతన్యత తగ్గుతుంది, ముందు వైపు ఖాళీ అయి ఎక్కువగానే ఉంటుంది. తలతన్యత తక్కువ ఉన్న చోటునుంచి ఎక్కువ ఉన్న చోటుకు ఉపరితలం లాగబడుతుంది. 19వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త మరంగోని పేరుతో పిలిచే ప్రభావం ఇదే. ఆ లాగుడు సుడికి సరిగ్గా ఎదురు. చివరికి ఉపరితలం బిగుసుకుపోతుంది, చుక్క గట్టి గోళమైపోతుంది. చుక్క ఎంత చిన్నదైతే ప్రవాహపు ఊడ్పు అంత బలహీనం, అందుకని దానిని ఆపడానికి అంత తక్కువ మురికి చాలు. చిన్న చుక్కలే ముందుగా బిగుసుకోవడానికి కారణం వాటి కొలత కాదు, మురికి.

ఈ సంగతిని కళ్లకు కట్టిన ఫోటోలు తీసింది ఆముదంలోనే. ఆముదం బాగా చిక్కన, చూడ్డానికి తేట, చుక్క నెమ్మదిగా దిగుతుంది, పటం తీయడానికి కావలసినంత సమయం ఇస్తుంది. 1952లో స్పెల్స్ ఆముదంలో దిగే గ్లిజరిన్ చుక్క లోపలి సుడిని ఫోటో తీశారు. మరుసటి ఏడు కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో సావిచ్ అదే ఆముదంలో నీటిచుక్కలను వదిలి చూశారు. పెద్ద చుక్కలో సుడి నిండుగా తిరిగింది. కాస్త చిన్న చుక్కలో వీపు భాగం టోపీ పెట్టినట్టు కదలకుండా నిలిచిపోయి, సుడి ముందు భాగానికే పరిమితమైంది. పొర ఊడ్చుకుపోయి చేరిన చోటే ఆ టోపీ. 1966లో డేవిస్, అక్రివోస్ ఆ టోపీ కొలతకూ పొర బలానికీ ఉన్న లెక్క కట్టారు. ఆదోని మార్కెట్లో బస్తాల్లో అమ్ముడుపోయే ఆముదపు గింజ నుంచి దిగే నూనెకు ద్రవగతిశాస్త్రంలో ఇంత చోటుందని అక్కడ తక్కెడ పట్టినవారికి తెలిసి ఉండదు.

మిల్లు కడుగుతొట్టిలో ఉన్నది లేశమాత్రపు మురికి కాదు. అక్కడ కడిగి తీయవలసిన పదార్థమే సబ్బు. కాబట్టి హదమార్ ఇస్తానన్న ఒకటిన్నర రెట్ల లాభం అక్కడ దాదాపు శూన్యం. ఇంజనీర్లు తొట్టి లెక్కలకు పాత స్టోక్స్ సూత్రాన్నే వాడతారు, అది సరిపోతుంది కూడా. సూత్రం పుట్టింది గట్టి గోళం కోసం, ఇక్కడ వర్తించింది సబ్బు పొర బిగించిన చుక్కకు. తప్పు కారణంతో ఒప్పు జవాబు వచ్చే ఇలాంటి చోట్ల ఇంజనీరుకు ఇబ్బంది లేదు, విద్యార్థికి మాత్రం ఉంది. సూత్రం పనిచేసింది కనుక చుక్క గట్టిదే అనుకునే ప్రమాదం ఉంది.

సబ్బు చేసే పని అక్కడితో ఆగదు. శుభ్రమైన వంటనూనె, నీటి మధ్య తలతన్యత మీటరుకు 25 నుంచి 30 మిల్లీన్యూటన్లు. సబ్బు చేరితే అది ఎన్నో రెట్లు పడిపోతుంది, చుక్కలు తేలిగ్గా ముక్కలవుతాయి. పైగా ఏ సబ్బు అన్నదాన్ని బట్టి ఏ ద్రవం చుక్కగా మారుతుందో తేలుతుంది. పొరకట్టే పదార్థం ఏ ద్రవంలో ఎక్కువ కరుగుతుందో ఆ ద్రవమే బయట ఉంటుందని 1913 నాటి బాంక్రాఫ్ట్ నియమం. సోడియం సబ్బు నీటిలో కరుగుతుంది కనుక నూనెను చుక్కలు చేసి నీటిలో పట్టి ఉంచుతుంది. కడుగుకు కఠినజలం వాడితే అందులోని కాల్షియం, మెగ్నీషియం కలిసి వేరే సబ్బు తయారవుతుంది. అది నూనె వైపు మొగ్గుతుంది, నీటిని సన్నచుక్కలుగా నూనెలోనే బంధిస్తుంది. కడుగునీరు మెత్తటిదై ఉండాలన్న పట్టుదల ఇందువల్లే. ఎమల్షన్ కట్టేసిన తొట్టిలో ఉప్పునీరు చల్లడం పాత పద్ధతి. ఉప్పు సబ్బును నీటిలో కరగనివ్వదు, నీటి సాంద్రతను కూడా కొంచెం పెంచుతుంది. ఒకే గుప్పెడు రెండు పనులూ చేస్తుంది.

చుక్క పెద్దదయ్యేకొద్దీ లెక్క మారుతుంది. జడత్వానికీ స్నిగ్ధతకూ మధ్య నిష్పత్తిని చెప్పే రెనాల్డ్స్ సంఖ్య ఒకటి దాటితే స్టోక్స్ సూత్రం తప్పుతుంది. వందలకు చేరేసరికి చుక్క వెనుక సుళ్లు ఊడి, చుక్క అటూ ఇటూ ఊగుతూ వంకరదారిన పోతుంది. గుండ్రని చుక్క అప్పడంలా చదునవుతుంది. చదునైనకొద్దీ ఎదురొచ్చే నిరోధం పెరుగుతుంది, అందువల్ల ఒక కొలత దాటాక చుక్క పెద్దదైనా వేగం పెరగకపోగా కాస్త తగ్గుతుంది. ఈ శిఖర వేగాన్ని 1955లో హూ, కింట్నర్, 1956లో క్లీ, ట్రేబాల్ కొలిచి చూపారు. 1959లో కృష్ణ, వెంకటేశ్వర్లు, నరసింహమూర్తి అనే ముగ్గురు నీటిలో దిగే ద్రవ చుక్కల చరమ వేగాలను, శిఖర వేగాలను, చుక్క చెదరకుండా నిలిచే గరిష్ఠ కొలతను ప్రయోగాలతో నిర్ధారించి ప్రచురించారు. చుక్కల మీది విదేశీ గ్రంథాల్లో ఈ పేర్లు నేటికీ కనిపిస్తాయి. తలతన్యత, సాంద్రతల తేడా తెలిస్తే గరిష్ఠ కొలతను అంచనా కట్టవచ్చు. శుభ్రమైన వంటనూనె, నీటికి అది రెండు సెంటీమీటర్లకు కాస్త పైన. అంతకంటే పెద్ద నూనెచుక్క నిలకడ నీటిలో తనంతట తానే చీలిపోతుంది.

ఇంతవరకు జరిగిన పనిని క్లిఫ్ట్, గ్రేస్, వెబర్ 1978లో ఒక గ్రంథంగా కూర్చారు. బుడగలు, చుక్కలు, రేణువుల మీద అదే ఇప్పటికీ ఆకరం. దానిలో గమనించదగ్గ నిర్ణయం ఒకటుంది. శుభ్రమైన ద్రవాలకు ఒక సూత్రం, మురికి ద్రవాలకు మరొకటి అని లెక్కలను రెండుగా విడగొట్టారు. మిల్లులకు, కర్మాగారాలకు పనికొచ్చేది ఎప్పుడూ ఆ రెండోదే.

చుక్కను ఎవరు తయారుచేస్తారు? కలిపే రెక్క. చుక్క ఎలా చీలుతుందో 1934లో కేంబ్రిడ్జిలో జెఫ్రీ టేలర్ చూపారు. ప్రవాహపు లాగుడు తలతన్యతను మించినప్పుడు చుక్క సాగి తెగుతుంది. కానీ లోపలి ద్రవం బయటిదానికంటే నాలుగు రెట్లకు మించి చిక్కనైతే, ఎంత రాపిడి పెట్టినా అది గిరగిర తిరుగుతుందే తప్ప తెగదు. ఆ లెక్కన నీటిలో ఉన్న నూనెచుక్కను నిదానపు రాపిడి ప్రవాహం చీల్చలేదు, సంక్షుబ్ధ ప్రవాహం చీల్చగలదు. సంక్షుబ్ధ ప్రవాహంలో మిగిలే అతిపెద్ద చుక్క ఎంతో 1949లో కొల్మొగొరోవ్, 1955లో హింజె చెప్పారు. వారి సూత్రాన్ని కడుగుతొట్టికి అన్వయిస్తే ఇలా వస్తుంది: కలిపే రెక్క చుట్లు రెట్టింపు చేస్తే చుక్క కొలత సగంకంటే తగ్గుతుంది, తేరుకునే కాలం అయిదు రెట్లు దాటుతుంది. సబ్బు తొందరగా కడగాలని గట్టిగా కలిపిన పనివాడు రాత్రంతా తొట్టి ముందు కూర్చోవలసి వస్తుంది. మిల్లుల్లో కడుగు సమయంలో రెక్కను మెల్లగా తిప్పమనడం అనుభవం చెప్పిన మాటే, సూత్రం వచ్చి దానికి అంకె జోడించింది.

ఒంటరి చుక్క పుస్తకంలోనే ఉంటుంది. తొట్టిలో ఉండేది గుంపు. ఒక చుక్క దిగితే దాని చోటుకు నూనె పైకి పోవాలి, ఆ పైకి పోయే నూనె పక్క చుక్కలను ఆపుతుంది. 1954లో రిచర్డ్‌సన్, జాకీ ఇచ్చిన లెక్క ప్రకారం తొట్టిలో పదో వంతు నీరుంటే చుక్కల వేగం సుమారు ఐదు వంతుల్లో మూడు వంతులకు, ఐదో వంతు నీరుంటే మూడో వంతుకు తగ్గుతుంది. వారి ప్రయోగాలు గట్టి రేణువులతో చేసినవి. సబ్బు బిగించిన చుక్కలకు అవి బాగానే నప్పుతాయి.

గుంపులో ఇంకో పని జరుగుతుంది, చుక్కలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. తేరుకోవడానికి నిజంగా సాయపడేది ఇదే, ఎందుకంటే రెండు చుక్కలు కలిసి పెద్దదైతే వేగం పెరుగుతుంది. కానీ తగిలినంత మాత్రాన కలవవు. రెంటి మధ్య నూనె పొర ఒకటి చిక్కుకుంటుంది, అది పలచబడి తెగాలి. పొర ఒంటికి సబ్బు పట్టి ఉంటే ఆ నూనె జారుకోవడం మరీ నెమ్మది. అడుగున నీటిమట్టాన్ని చేరిన చుక్క కూడా వెంటనే కలవదు, కాసేపు దానిమీద కూర్చుంటుంది. తీరా కలిసేటప్పుడు పూర్తిగా కలవకుండా తనకంటే చిన్న పిల్లచుక్కను విడిచిపెట్టవచ్చు. ఆ పిల్లచుక్క కాసేపటికి మళ్లీ ఇంకో చిన్నదాన్ని విడుస్తుంది. 1960లో చార్ల్స్, మేసన్ ఈ వరుసను ఫోటోలు తీసి చూపారు. తేరిన నూనెకూ అడుగు నీటికీ మధ్య నురగలాంటి పొర ఒకటి ఎంతకీ పోకుండా నిలిచి ఉండటం మిల్లువారికి బాగా తెలుసు. అది కలవడానికి వరసలో నిలబడ్డ చుక్కల గుంపు.

మురుగుతొట్టి దగ్గర పాత్రలు తారుమారవుతాయి. అక్కడ చుట్టూ ఉన్నది నీరు, చుక్క నూనెది. అమెరికా పెట్రోలియం పరిశ్రమ నూనె విడదీసే తొట్లకు పెట్టుకున్న ప్రమాణం 150 మైక్రాన్ల చుక్క. వంటనూనెకు ఆ లెక్క వేస్తే చుక్క సెకనుకు సుమారు 1.3 మిల్లీమీటర్లు తేలుతుంది, మీటరు లోతు తొట్టిలో పదమూడు నిమిషాలు చాలు. చుక్క 15 మైక్రాన్లకు తగ్గితే అదే పని ఇంచుమించు ఒక రోజు పడుతుంది. నూనె తొట్టి పంపుకు ముందు ఉండాలా తరువాత ఉండాలా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సెంట్రిఫ్యూగల్ పంపులోంచి ఒకసారి పోయిన మురుగులో చుక్కలు చితికిపోతాయి, ఆ తరువాత ఎంత పెద్ద తొట్టి కట్టినా ఖర్చు దండగ. చోటు తక్కువైతే తొట్టిలో ఏటవాలు పలకలు అమర్చడం మేలు. గొట్టాన్ని వాలుగా పెడితే రక్తకణాలు త్వరగా అడుగు చేరతాయని 1920లో బాయ్‌కాట్ అనే వైద్యుడు గమనించారు. చుక్క మీటరు ప్రయాణించనక్కరలేదు, పై పలకకు తగిలితే చాలు, అక్కడ తోటి చుక్కలతో కలిసి జారుకుంటుంది.

పెద్ద శుద్ధి కర్మాగారాలు ఈ కష్టాన్ని రెండు దారుల్లో తప్పించుకున్నాయి. ఒకటి సెంట్రిఫ్యూజ్. 1878లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ద లావల్ పాలలోంచి మీగడ తీయడానికి చేసిన యంత్రం దీనికి మూలం. గురుత్వానికి కొన్ని వేల రెట్ల బలం, పలకల మధ్య మిల్లీమీటర్ల దూరం. గంటల పని సెకన్లలో అవుతుంది. రెండోది పత్తిగింజల నూనెకు ప్రత్యేకంగా వాడిన దారి: హెక్సేన్‌లో నూనె కరిగి ఉండగానే, అంటే మిసెల్లాగా ఉండగానే, కాస్టిక్‌తో శుద్ధి చేయడం. హెక్సేన్ పలచన, తేలిక. స్నిగ్ధత పడిపోతుంది, సాంద్రతల తేడా పెరుగుతుంది, స్టోక్స్ సూత్రంలో రెండు అంకెలూ ఒకేసారి అనుకూలమవుతాయి. మంటకు అంటుకునే ద్రవం కనుక చిన్న మిల్లు చేయగల పని కాదు. నూనె శాస్త్రం మీద పనిచేసే పరిశోధనాలయాలు దగ్గర్లోనే ఉన్నాయి. అనంతపురంలో జేఎన్‌టీయూ కింద నడిచే నూనె సాంకేతిక పరిశోధనా సంస్థ ఒకటి, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) మరొకటి. ఐఐసీటీ తవుడు నూనెలోని జిగురును ఎంజైములతో తొలగించే పద్ధతిని రూపొందించింది. జిగురు ముందే పోతే పొర కట్టేది తగ్గుతుంది, చుక్క తనంతట తాను దిగుతుంది. చుక్కను తరమడం కంటే దాని చొక్కా విప్పడం తేలిక అన్నమాట.

చుక్క అసలే కదలని చోటు ఒకటుంది, అది ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరికి పేరొచ్చింది. చేనేతలో పడుగుకు గంజి పట్టించేటప్పుడు దారం మెత్తబడటానికి గంజిలో కొంచెం నూనె కలపడం రివాజు. చిక్కటి గంజిలో కలిపిన నూనె తేలి పైకి రాదు. గంజి స్నిగ్ధత ఎక్కువ కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. స్నిగ్ధత ఎంత ఉన్నా చుక్క ఎప్పటికో ఒకప్పటికి తేలాల్సిందే. చల్లారిన గంజి ఒక మేర బలం తగిలేదాకా ఘనపదార్థంలా నిలిచి ఉండి, ఆ తరువాతే ద్రవంలా పారుతుంది. రెండు మిల్లీమీటర్ల నూనెచుక్క ఉత్ప్లవన బలాన్ని నిలవరించడానికి పాస్కల్‌లో పదో వంతు బిగి చాలు, చిక్కటి గంజికి అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అందుకే దారం పొడవునా నూనె సమంగా పడుతుంది. మిల్లుకు శత్రువైన గుణమే ఇక్కడ నేతగాడికి కావలసింది.

1980ల నుంచి కంప్యూటర్లు చుక్క సరిహద్దును క్షణక్షణం వెంబడించే పద్ధతులు వచ్చాయి. 1981లో హర్ట్, నికల్స్, 1988లో ఓషర్, సెథియన్, 1992లో ఉన్వెర్ది, ట్రిగ్వాసన్ ఇచ్చిన పద్ధతులు ఇప్పుడు మామూలు సాఫ్ట్‌వేర్లలోనే దొరుకుతాయి. శుభ్రమైన చుక్క ఒకటి ఊగుతూ దిగడాన్ని అవి చక్కగా చూపిస్తాయి. వేల చుక్కలు సబ్బు పొరలతో ఒకదాన్నొకటి రాసుకుంటూ, కొన్ని కలుస్తూ, కొన్ని కలవకుండా దిగే తొట్టిని ముందే లెక్కగట్టడం మాత్రం ఇంకా వాటి చేతికందలేదు. నూనె పొర తెగే చోట మందం నానోమీటర్లలో ఉంటుంది, తొట్టి మీటర్లలో ఉంటుంది. రెండు కొలతలనూ ఒకే లెక్కలో ఇమడ్చడం కష్టం. పైగా ఏ లారీ గింజలో ఎంత జిగురుందో, ఎంత కొవ్వు ఆమ్లముందో, ఈ ఏటి వానలు తడిపిన పత్తికీ పోయినేటి పత్తికీ తేడా ఎంతో సూత్రాలకు ముందుగా తెలియదు.

శుద్ధి నూనెలో సబ్బు 0.005 శాతం మించకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. ఆ అంకెను చేరడానికి ఎన్ని కడుగులు, ఎంత వేడి, ఎంత సేపు అన్నది తేల్చే పద్ధతి ఇప్పటికీ పాతదే. కొత్త సరుకు దిగినప్పుడు కొంత నూనెను గాజు జాడీలో తీసుకుని, వేడినీళ్లు కలిపి, నెమ్మదిగా తిప్పి, నీటిమట్టం ఎంతసేపటికి ఎంత దిగిందో గడియారం పెట్టుకుని చూస్తారు.